చేతికిచ్చిన కత్తి

మా మేనమామ పోయాడన్న కబురు దీపాలు పెట్టే వేళకు మాకు అందింది. ఆయన పాలేరు కృష్ణా నది దాటి సైకిలు మీద వచ్చాడు. "మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నారండీ. మళ్ళీ లేవలేదు" అన్నాడు. నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దగ్గరే నిలబడి, "అయ్యగారి కత్తి మీ దగ్గరేమైనా ఉందేమో అడిగి రమ్మన్నారండీ అమ్మగారు" అన్నాడు.

ఆయన కత్తి నా దగ్గర లేదు. అది ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

దివి వైపు ఊళ్ళ వాళ్ళకు మా మామయ్య అంటే కత్తి చూసిపెట్టే మనిషి. నాట్లు పడ్డాక ఊళ్ళో పశువులకు మేత ఉండదు. వట్టిపోయిన గేదెలను సముద్రం వైపున్న ఉప్పునేల బీడుకు, పర్రకు తోలుకుపోయి, కోతల దాకా అక్కడే తాటాకు పందిళ్ళు వేసుకుని ఉండేవారు. అక్కడ అంగడి లేదు, కొలిమి లేదు. పందిరి గుంజలు చెక్కాలన్నా, పుల్లలు చీల్చాలన్నా, గేదె మెడకు బిగిసిన పలుపు తెంచాలన్నా మొలలో ఉన్న కత్తే దిక్కు. అందుకని కొత్తగా వెళ్ళేవాడు ముందు మామయ్య దగ్గరికి వచ్చేవాడు. ఆయన తన పని మానుకుని వాడితో కొలిమికి వెళ్ళేవాడు.

ఆయనకు ఒక తమ్ముడు ఉండేవాడు. నేను పుట్టకముందే ఆ పర్రలో, ఒక ఉప్పుటేట్లో పోయాడు. మనిషి దొరకలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. కత్తుల విషయంలో మామయ్య పట్టింపుకు, ఆ చావుకు సంబంధం ఉందని మాత్రం అందరికీ తెలుసు.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక ఏడు నేను పర్రకు వెళ్ళవలసి వచ్చింది. బెజవాడలో ఒక మడతచాకు కొనుక్కుని వచ్చి ఆయనకు చూపించాను. మిలటరీ సామానని చెప్పి అమ్మారు. తళతళలాడుతూ ఉంది. మామయ్య దాన్ని తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"బావుందిరా అల్లుడూ. దీంతో ఏం చేస్తావు?"

"ఏమైనా చెయ్యొచ్చన్నాడు మామయ్యా, అమ్మినవాడు."

"చెయ్యొచ్చు. అత్తారింట్లో అరుగు మీద కూర్చుని జాంకాయలు కోసుకోవచ్చు." చాకు మూసి పక్కన పెట్టాడు. "నడుమున్న కత్తికి ఎప్పుడో ఒకప్పుడు నడుం పట్టేసుద్ది. ఉప్పుగాలికి ఇంకా తొందరగా పట్టేసుద్ది. అప్పుడు నువ్వు తైలం రాస్తా కూర్చోవాల."

మర్నాడు ఇద్దరం ఉయ్యూరు వెళ్ళాం. కమ్మరి చేసిపెట్టిన కత్తులన్నీ గోనెపట్టా మీద పరిచాడు. మామయ్య ముందు చూసింది పదును కాదు, పిడి చివర. అక్కడ ఇనుము కనపడని కత్తులన్నీ పక్కకు నెట్టేశాడు. పిడిలోకి ఎంతవరకు దిగిందో తెలియని ఇనుమును నమ్మకూడదంటాడు. తరువాత అరచేతికి ఆముదం రాసుకుని మిగిలినవి ఒక్కొక్కటే బిగించి పట్టి చూశాడు. చేతిలో జారినవి పోయాయి. ఒకదాన్ని గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుని, "దీని గొంతు బాగాలేదు ఆచారీ, లోపలెక్కడో పగిలింది" అన్నాడు. కమ్మరి ఒప్పుకోలేదు గాని ఆ కత్తి తీసి వెనక్కి పెట్టుకున్నాడు.

నాకు ఒక బాకు నచ్చింది. రెండు వైపులా పదును, సన్నగా ఉంది. మామయ్య తల అడ్డంగా ఊపాడు.

"రెండు పక్కలా పదునుంటే ఎదుటోడికి ఎట్టా ఇస్తావు?"

"నా కత్తి ఇంకొకళ్ళకు ఎందుకివ్వాలి మామయ్యా?"

ఆయన ఆ బాకును కూడా పక్కకు నెట్టేశాడు. చివరికి తుమ్మకర్ర పిడి ఉన్నదొకటి తీశాడు. పిడి ముందు జానెడు అలుగు. వీపు మందంగా ఉంది, కర్రతో మోదినా తట్టుకుంటుంది. అలుగును వీపు వైపు నుంచి బొటనవేలికీ నాలుగు వేళ్ళకూ మధ్య పట్టుకుని, పిడి నా వైపు చాపాడు.

కమ్మరి కంగారుపడ్డాడు. "అదేంటయ్యా, చేతికి చేతికిస్తారు? కింద పెట్టండి, ఆ అబ్బాయి తీసుకుంటాడు. ఇద్దరికీ గొడవలొస్తాయి."

"గొడవ పడాలంటే ఇద్దరూ ఉండాలిగా ఆచారీ" అన్నాడు మామయ్య. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "పట్టుకున్నావా?" అని నన్ను అడిగాడు.

"ఆఁ."

"ఆఁ కాదు. మాట చెప్పు."

"పట్టుకున్నా."

అప్పుడు వదిలాడు.

మన ఇళ్ళలో ఉప్పు, నూనె, కత్తి చేతికి చేతికి ఇవ్వరు. కింద పెడితే రెండోవాళ్ళు తీసుకుంటారు. మామయ్య ఉప్పును, నూనెను కింద పెట్టేవాడు. కత్తిని మాత్రం ఎన్నడూ పెట్టలేదు. "పట్టుకున్నా" అన్న మాట వినేదాకా వేళ్ళు విప్పేవాడు కాదు. మా అత్తయ్య ఎగతాళి చేసేది. "పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు కూడా పట్టుకున్నావా అని అడుగుతాడేమోనని భయపడ్డాను" అనేది. ఆయన నవ్వేవాడు.

ఆ ఏడు పర్రలో మామయ్యా నేనూ వేసుకున్న పందిరికి కొంచెం దూరంలోనే ఆ ఉప్పుటేరు ఉంది. రెండు వైపులా మడచెట్లు. పాటు వేళ నీళ్ళు వెనక్కి పోయి నల్లటి బురద బయటపడేది. గేదెలకు బురదంటే ప్రాణం గదా. మా గేదెలు మిగతా వేళల్లో ఆ ఏట్లోనే పొర్లేవి. మిట్టమధ్యాహ్నం పాటు పడితే మాత్రం ఒక్కటీ దిగేది కాదు. గట్టు మీద వరసగా నిలబడి బురద వైపు చూస్తూ ఉండేవి. తోలితే పక్కకు తిరిగి పోయేవి.

అలాంటి ఒక మధ్యాహ్నం మామయ్య నన్ను అక్కడికి తీసుకుపోయాడు. గాలి లేదు. కొంగలు కూడా లేవు. బురదలోంచి అక్కడొక బుడగ, ఇక్కడొక బుడగ లేచి పగులుతున్నాయి. ఆయన ఒక చోట ఆగి వేలితో చూపించాడు.

"అక్కడ" అన్నాడు. "జాలరులు వదిలేసిన వల తాడు కాలికి చుట్టుకుంది తమ్ముడికి. నడుం దాకా దిగిపోయాడు. వాడిది మడతచాకు. తెరుచుకోలా. నేను బోర్లా పడుకుని పాక్కుంటా పోయా. ఇంకా ముందుకు పోతే నేనూ దిగిపోతా. చెయ్యి చాపితే వాడి చెయ్యి అందుద్ది. కత్తి తీశా."

మొలలో ఉన్న కత్తి పిడి మీద చెయ్యి వేసుకున్నాడు.

"కింద పెట్టా" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"చిన్నప్పట్నించీ అలవాటుగదా. వాడు చెయ్యి చాపాడు, నేను కత్తి వాడి ముందు బురదలో పెట్టా, తీసుకుంటాడని. వాడు కూడా నేను కింద పెట్టిందాకా ఆగాడు. ఇద్దరికీ తప్పనిపించలా. పిడి మునిగిపోయేటప్పుడు చూశాం ఇద్దరం. తర్వాత పోటొచ్చింది."

ఇదంతా ఆయన గేదె ఈనిన సంగతి చెప్పినట్టే చెప్పాడు. తరువాత గట్టు మీద బోర్లా పడుకున్నాడు. అప్పటికే ఆయనకు నడివయసు దాటింది. మొలలోంచి తన కత్తి తీసి, అలుగు పట్టుకుని, పిడిని బురద వైపు చాపాడు. చెయ్యి ఎంత దూరం పోతే అంత దూరం.

"పట్టుకున్నావా?" అన్నాడు. గట్టిగా కాదు. పక్కనున్న మనిషిని అడిగినట్టు.

నేను వెనక నిలబడి ఉన్నాను. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఆయన చెయ్యి కొద్దికొద్దిగా కిందికి దిగింది. అలిసిపోయి దిగిందనుకున్నాను. కాని అలిసిన చెయ్యి వణుకుతుంది. ఇది వణకలేదు. ఎవరో పిడి పట్టుకుని నెమ్మదిగా తమ వైపు తెచ్చుకుంటున్నట్టు, భుజం కూడా బురద వైపు జరిగింది. పిడి చివర బురదకు తాకింది. గట్టు మీద గేదెలన్నీ ఒక్కసారే తల ఎత్తాయి.

"విన్నావా?" అన్నాడు నా వైపు తిరగకుండా.

"ఏంటి మామయ్యా?"

"ఏం లేదులే. నాకూ వినపళ్ళా." కత్తి వెనక్కి తీసుకున్నాడు. "మాట అంటేగాని వదలకూడదు. బురద కూడా పట్టుకుంటుద్ది."

ఇంటికి వచ్చేదాకా ఆ సంగతి మళ్ళీ మాట్లాడుకోలేదు. పర్రకు వెళ్ళిన ప్రతి ఏడూ ఆయన అలా చేసేవాడని పాత పశువుల కాపరులు తరువాత నాకు చెప్పారు. వాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

మోకాళ్ళు పట్టేశాక ఆయన పర్రకు వెళ్ళటం మానేశాడు. కాని కత్తులు చూసిపెట్టటం మానలేదు. అరుగు మీద కూర్చుని, తెచ్చినవాళ్ళ చేత పిడి చివర చూపించుకునేవాడు. తన కత్తి తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు. దగ్గర ఇనుముంటే దయ్యం రాదని మనవాళ్ళు పెట్టుకుంటారు. ఆయన అందుకు పెట్టుకున్నాడని నేను అనుకోను.

ఆయన నాకు ఎంచి ఇచ్చిన కత్తి ఇప్పటికీ ఉంది. అలుగు అరిగింది, పిడి కదల్లేదు. మా ఇంట్లో దాన్ని చేతికే ఇచ్చిపుచ్చుకుంటాం. మాట విన్నాకే వదులుతాం. ఇంతవరకు గొడవలేమీ రాలేదు.

మామయ్య పోయిన కబురు విని నేను వెళ్ళేసరికి తెల్లవారుతోంది. శవం పక్కన ఇనుము ఉండాలి గనక కత్తి కోసం వెతికారట. తలగడ కింద లేదు. ఇల్లంతా చూసి, దొరక్క, చివరికి కొడవలి తెచ్చి పెట్టారు. అత్తయ్య స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది.

"అరుగు మీద మంచం వేసుకుని పడుకున్నాడు. నేను లోపల అంట్లు సర్దుతున్నా. 'పట్టుకున్నావా?' అన్నాడు. ఎవరో కత్తికోసం వచ్చారనుకున్నా" అంది.

"ఎవరొచ్చారు అత్తయ్యా?"

"నేను బయటికొచ్చేసరికి ఎవరూ లేరు."

"అవతలివాళ్ళ మాట విన్నావా?"

"నాకు వినపళ్ళేదు నాయనా" అంది. మంచం వైపు చూసి, "ఆయనకు వినపడే ఉంటుద్ది" అంది.

నేను మంచం దగ్గరికి వెళ్ళాను. చేతులు రెండూ గుండెల మీద చేర్చాలని చూశారట. ఎడమ చెయ్యి చేరింది. కుడిచెయ్యి మంచం పట్టె దాటి, దక్షిణంగా, పర్ర వైపు చాపినది చాపినట్టే ఉంది. వేళ్ళు ఐదూ విప్పి ఉన్నాయి.