ఏడో రోజు పిలుపు

ఓన్ ష్వేని మా రేవులో అందరూ రాతిగుండె ముసలమ్మ అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు. ఆవిడ పట్టించుకోదు. ఏ ఇంట్లో చావు జరిగినా పిలవకుండానే వచ్చేస్తుంది. నోట్లో లావుపాటి చుట్ట పెట్టుకుని, లుంగీ ఎగదోపుకుని పొయ్యి ముందు కూర్చుంటుంది. ఏడు రోజులూ వచ్చేపోయేవాళ్లకి వండి పెడుతుంది. కన్నీరు పెట్టగా చూసినవాళ్లు లేరు. ఏడ్చేవాళ్లని ఓదార్చడం కూడా చేతకాదు. "ఇదిగో, ఈ ఉల్లిపాయలు తరుగు. ఎలాగూ ఏడుస్తున్నావుగా" అంటుంది. నాకైతే ఒళ్లు మండిపోయేది. కానీ ఒట్టు, ఆ ఏడ్చే మనిషి ఉల్లిపాయలు తరిగేది. తరిగాక నాలుగు ముద్దలు తినేది కూడా.

పెద్ద తుఫానులో ఐరావతి నది పొంగి ఆవిడ భర్తనీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుపోయింది. శవాలు కూడా దొరకలేదు. ఆ తర్వాత ఒంటరిగా మా రేవుకి వచ్చి, అరటికాయ బజ్జీలు అమ్ముకుంటూ ఇక్కడే ఉండిపోయింది. రేవు మలుపులో చలివేంద్రం పెట్టింది. తెల్లారకముందే కుండలు కడిగి నీళ్లు నింపుతుంది. ఇంత దుఃఖం ఎలా దిగమింగావమ్మా అని అడిగితే, "కాలే గిన్నెని పట్టుకు కూర్చుంటే చెయ్యి పోతుంది. కింద పెడితే వడ్డించుకోవచ్చు" అనేది. విన్నవాళ్లు ఆహా అనేవాళ్లు. నేను మాత్రం, చెప్పడానికేం, ఎన్నైనా చెప్తుంది అనుకునేదాన్ని.

మొన్న వానల్లో మా పక్కింటి ప్యోన్ కొడుకు పాయింగ్ పోయాడు. పీతలకని వెళ్తే పడవ తిరగబడింది. ప్యోన్‌కి మొగుడు ఎప్పుడో పోయాడు, వాడొక్కడే దిక్కు. వాణ్ణి మట్టి చేసి వచ్చిన రోజే ఓన్ ష్వే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది.

మాలో పోయినవాడి ప్రాణం ఏడు రోజులు ఇంట్లోనే ఉంటుంది. ఏడో రోజు భిక్షువులకి భోజనం పెట్టి, ఇంటివాళ్లు చెంబుతో నీళ్లు ధారగా వదులుతూ, చేసిన పుణ్యాన్ని పంచుకొమ్మని ముమ్మారు గట్టిగా పిలవాలి, చుట్టూ ఉన్నవాళ్లు సాధు, అంటే మంచిది, అని వంత పలకాలి. ఆ పిలుపు విని, తన వాటా తీసుకుని ప్రాణం తన దారిన పోతుంది. పిలవకపోతే పోదు. ప్యోన్ ఆ మాటే పట్టుకుంది. గుమ్మం పక్కన కొడుక్కి అన్నం పెట్టి, గోడకున్న వాడి చొక్కాతో మాట్లాడుతూ కూర్చుంది. ఆరో రోజు మధ్యాహ్నం అందరి ముందూ, "భోజనాలు పెట్టుకోండి. నేను మాత్రం పిలవను" అనేసింది.

ప్యోన్‌కి వరసకి బావ అయిన ఊ సాన్ గయ్యిమన్నాడు. "పిచ్చి గాని పట్టిందా? వాడు పోవద్దా?"

"పోవద్దు. నా ఇంట్లోనే ఉంటాడు."

"అంతా అనిత్యం అని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నావు కదే!"

"అనిత్యమైతే నీ కొడుకుని పంపించు బావా, వాడికి తోడుగా!"

వెనక నుంచి ఎవరో, వాడు పోకపోతే ఊళ్లో పిల్లలకి జ్వరాలొస్తాయని గొణిగారు. ఆ గొణిగినవాళ్ల నోరు పడిపోను! అది అనే సమయమా?

వంటింట్లోంచి ఓన్ ష్వే చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అందరూ బయటికి నడవండి. రేపటికి బోలెడు పనుంది" అని తరిమేసింది. నేను వెల్లుల్లి ఒలుస్తున్నాను గనక నన్ను ఉండనిచ్చింది. తను మరో వెల్లుల్లి బుట్ట తెచ్చి ప్యోన్ ముందు పెట్టింది. ప్యోన్ దాన్ని తోసేసింది.

"నువ్వూ చెప్పడానికే వచ్చావా, వదిలెయ్యమని? నీకేం అత్తా, రాయివి. నీవాళ్లని ఎప్పుడో వదిలేసుకున్నావు."

ఓన్ ష్వే నోట్లోంచి చుట్ట తీసింది. "వదల్లేదే" అంది.

నా చేతిలో వెల్లుల్లి చేతిలోనే ఉండిపోయింది.

"శవాలే దొరకలేదు, చచ్చారని ఎవడు చూసొచ్చాడు అనుకున్నా. ఏడో రోజు పెట్టలేదు. తర్వాతైనా పెట్టొచ్చు, పెట్టలేదు. ఊళ్లో అందరి పేర్లకీ సాధు సాధు అని గొంతు చించుకున్నాను గాని, నావాళ్ల పేర్లు నోట రానివ్వలేదు. పిలిస్తే నిజంగా పోతారని భయం."

ప్యోన్ ముందుకి జరిగింది. ఆకలిగొన్నదానిలా అడిగింది. "మరి ఉన్నారా అత్తా? నీ దగ్గరే ఉన్నారా?"

"లేరే తల్లీ. అదే నీకు చెప్తున్నా. ఒక్కనాడు తలుపు చప్పుడైనా వినపడలేదు. దారినపోయే ప్రతివాడికీ నీళ్లు పోశాను. నావాళ్లకి ఒక్క గుక్క పంపలేదు." చుట్ట ఆరిపోయింది. ముట్టించుకోలేదు. "నాలా చెయ్యకు. అంతే."

ఇన్నేళ్లుగా ఆ మనిషి పక్కన కూర్చుని కబుర్లు చెప్పినదాన్ని, ఈ సంగతి నాకూ తెలియదు. చివరికి ప్యోన్ బుట్ట తన వైపు లాక్కుంది.

"నీ పిల్లలకి తినడానికి ఏం ఇష్టం?"

"చిన్నదానికి కొబ్బరన్నం. పిల్లాడు ఏదైనా తింటాడు, వేడివేడిగా మాత్రం పెట్టకూడదు."

"రేపు కొబ్బరన్నమే వండుదాం. పాయింగ్‌కీ ఇష్టమే" అంది ప్యోన్.

మర్నాడు భిక్షువులు భోంచేశారు. పంచశీలాలు చెప్పుకోవడం అయింది. ప్యోన్ చెంబు వంచి పళ్లెంలోకి నీళ్లు వదలడం మొదలుపెట్టింది. "పాయింగ్, నాన్నా..." అని ఆగింది. ఊ సాన్ తల వంచుకున్నాడు. "మేం చేసిన పుణ్యం పంచుకో" అని ఒకసారి పిలిచింది. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలవకుండా వంటింటి వైపు తిరిగింది.

"ఓన్ ష్వే అత్తా, ఇలా రా."

"నాకు పనుంది."

ఆ మాట ఆవిడ నోట రోజూ వినేదే. అబద్ధంలా వినపడటం మాత్రం అదే మొదటిసారి. ప్యోన్ చెంబు పట్టుకుని అలాగే కూర్చుంది. భిక్షువులు కూడా ఆగారు. ఓన్ ష్వే గరిటె కింద పెట్టి వచ్చి ఆమె పక్కన మోకరిల్లింది. ఇద్దరూ కలిసి చెంబు పట్టుకున్నారు. ప్యోన్ మూడోసారి పాయింగ్‌ని పిలిచింది.

"కో బా యిన్" అని ముందు మొగుణ్ణి పిలిచింది ముసలమ్మ. "ఫో లోన్" అని కొడుకుని. కూతురి పేరు రావడానికి చాలాసేపు పట్టింది. "ఖిన్ ఏ, అమ్మలూ... పంచుకోండి."

ఇల్లంతా సాధు అంది. కంచు గంట మోగింది.

ఓన్ ష్వే అప్పుడు ఏడ్చింది. భిక్షువుల ముందనే వెరపైనా లేకుండా నేల మీద పడి ఏడ్చింది. ఏం చెయ్యాలో మాలో ఎవరికీ తెలియలేదు. "పోయారే ప్యోన్, ఇప్పుడు పోయారే" అంటోంది. ప్యోన్ ఆవిడ తల ఒళ్లోకి తీసుకుంది.

"పోనియ్యి అత్తా, పోనియ్యి" అని తనూ ఏడ్చింది. ఆ రోజు వడ్డన నేనే చేశాను.