కుట్టలేదమ్మా

దోమలంటే నాకున్నది చిరాకు కాదు, పగ. మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా వానల్లో డెంగీ వచ్చి, ఏలూరు ఆస్పత్రిలో పెట్టిన దగ్గర్నుంచీ అది మొదలైంది. వాళ్లు పూటపూటా రక్తం తీసుకెళ్లడం, ప్లేట్‌లెట్లు ఇంకా పడిపోయాయని చెప్పడం, నేను పిల్ల అరికాళ్లు రుద్దుతూ కూర్చోవడం. చివరికి ఓ పొద్దున లేచి కూర్చుని పెరుగన్నం అడిగింది. దాని జ్వరం తగ్గింది గానీ నాది తగ్గలేదు.

ఇంటికి రాగానే కిటికీలన్నిటికీ మెష్ కొట్టించాను. చీపురు కన్నా దోమల బ్యాటే ఎక్కువగా నా చేతిలో ఉండేది. సాయంత్రం పిల్ల బడి నుంచి రావడం ఆలస్యం, తలుపులు బిడాయించి, లైటు కింద నిలబెట్టి చేతులూ మెడా చెవుల వెనకా వెతికేదాన్ని. ఎక్కడైనా ఎర్రగా కనిపించిందా, ఇక ఆ రాత్రి నాకు జాగారమే. మా ఆయనకి తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టు ఉంది. ఉల్లి వాసనకి దోమలు రావని ఒకావిడ నాకు సలహా చెప్పింది. అదే నిజమైతే మా ఇంట్లోనే కాదు, మా వీధిలోనే దోమ ఉండకూడదు.

అలాంటి ఇంట్లోకి మా ఆయన ఒకరోజు టెంటు పట్టుకొచ్చారు. కొల్లేరు పక్కన మా అన్నయ్యకి చేపల చెరువుంది. ఆ గట్టు మీద ఒక రాత్రి పడుకుందామట, తెల్లారగానే గూడబాతులు, ఆ సంచి ముక్కు పక్షులు, దిగుతాయట, పిల్లకి చూపిద్దామట. ఇక నేను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. ఇన్నాళ్లూ కంటికి రెప్పలా చూసుకుంది, మనమే తీసుకెళ్లి దోమలకి అప్పజెప్పడానికా అన్నాను. పిల్ల “వద్దులే నాన్నా” అని హోంవర్కు తీసుకుంది. ఏడ్చి గోల చేసుంటే నేను ఒప్పుకునేదాన్నే కాదు. మారాం చెయ్యడం కూడా మానేసిన పిల్లని చూసి, సరే పదండన్నాను.

శివరాత్రికి ముందు ఒక శనివారం బయల్దేరాం. కొబ్బరినూనెలో కర్పూరం కలిపిన సీసా, ఒంటికి రాసుకునే దోమల మందు ట్యూబులు, కాయిల్సు, బ్యాటు, పిల్లకి పొడుగు చేతుల చొక్కాలు. బట్టల సంచి కన్నా దోమల సంచే పెద్దది. గుండుగొలను దగ్గర హైవే దిగి లోపలికి వెళ్తే, ఇక ఎటు చూసినా చెరువులే.

అన్నయ్య చెరువులో నీళ్ల మీదకి వంచిన ఒక కర్రకి పెద్ద బల్బు వేలాడుతోంది. రాత్రి వెలుతురుంటుంది, పామూ పుట్రా వస్తే కనిపిస్తుందని మా ఆయన సరిగ్గా దాని ఎదుట గట్టు మీద టెంటు వేశారు. నాకూ అది బాగానే ఉందనిపించింది. చీకటి పడి బల్బు వెలిగింది. అంతే, దోమలు, రెక్కల పురుగులు, పేరు తెలియని పచ్చ పురుగులు, అన్నీ కట్టకట్టుకుని వచ్చాయి. నోరు తెరిస్తే నోట్లోకి, కళ్లు తెరిస్తే కళ్లలోకి. నా బ్యాటు కాసేపు పటపటలాడి ఛార్జింగ్ అయిపోయి చల్లబడింది. కింద నీళ్లలో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి.

అప్పుడు వచ్చాడు మా అన్నయ్య, కొరమేను పులుసు క్యారియరుతో. మమ్మల్ని చూసి బండి స్టాండు కూడా వెయ్యకుండా నవ్వాడు. ఆ దీపం పెట్టేదే పురుగుల్ని పిలవడానికట. వెలుతురుకొచ్చి నీళ్లలో రాలితే చేపలకి మేతట.

“చేపల కంచం పక్కన పక్కేసుకున్నారేంటండీ బావగారూ?” అన్నాడు.

ముగ్గురం కలిసి టెంటు పీకి, బల్బుకి దూరంగా, మేత బస్తాల షెడ్డు వెనక మళ్లీ వేశాం. అన్నయ్య పిడకలు అంటించి, పైన పచ్చి వేపాకు కప్పి, గేదెలకి వేసినట్టు మాకూ పొగ వేశాడు. దోమల సంగతేమో గానీ, మా కళ్లు మాత్రం ధారలు కట్టాయి. పిల్ల ఆ పొగలో దగ్గుతూ పకపకా నవ్వింది. దాని నవ్వు అలా విని ఎన్నాళ్లయిందో. పులుసన్నం తిని టెంటులో దూరి జిప్పు వేసుకున్నాం. అలవాటు ప్రకారం ఫోను లైటు పట్టుకుని, ఎక్కడైనా కుట్టిందా అని అడిగాను.

“కుట్టలేదమ్మా,” అంది. చేతులు దుప్పట్లోంచి తియ్యలేదు. నా కర్పూరం నూనె పనిచేసిందని నేను మురిసిపోయాను.

తెలతెలవారుతుంటే మెలకువొచ్చింది. మా ఆయన అప్పటికే బయట ఉన్నారు. పిల్ల లేచి, అటు తిరిగి కూర్చుని, చొక్కా చెయ్యి పైకి లాక్కుని చప్పుడు కాకుండా రుద్దుకుంటోంది. ముంజేతి నిండా దద్దుర్లే. సాక్సులు విప్పి పక్కన పెట్టింది. మడమల దగ్గరా పిక్కల మీదా ఇంకా ఉన్నాయి, కానీ అవి రాత్రివి కావు. గోకి గోకి నల్లబడిన పాత మచ్చలు. ఇంట్లో కూడా ఎప్పుడూ సాక్సులేంటే అంటే చలేస్తోందనేది. నేను వెతికేది చేతులూ మెడేనని దానికి తెలుసు.

ఎందుకు చెప్పలేదే అన్నాను. అది ఉలిక్కిపడి చెయ్యి దాచేసుకుంది. తలొంచుకుని చెప్పింది.

“చెబితే నువ్వు పడుకోవు కదమ్మా. నా నుదురు పట్టుకుని చూస్తా కూచుంటావు. ఆస్పత్రిలో ఏడ్చినట్టు ఏడుస్తావు.”

ఆస్పత్రిలో అది నిద్రపోతోందనుకునే నేను ఏడ్చింది. ఇంత పిల్ల, ఇన్ని నెలలూ నా నిద్ర కోసం దురద ఓర్చుకుంది.

బయట నుంచి మా ఆయన, గూడబాతులు దిగాయి, రండి అని మెల్లగా పిలుస్తున్నారు. నేను కదల్లేదు. నా జాకెట్టు చెయ్యి పైకి తోసి చూపించాను. బల్బు దగ్గర నన్నూ వదల్లేదు అవి. భయం పోయిందని దానితో అబద్ధం చెప్పలేకపోయాను.

“నాకు భయమేస్తే ఏడుస్తానే. ఏడిస్తే ఏడవనీ. నువ్వు మాత్రం నాకు చెప్పాలి,” అన్నాను.

నమ్మొచ్చా లేదా అన్నట్టు నా మొహంలోకి చూసింది. నేను కళ్లు తుడుచుకోలేదు. కొంచెం కొంచెంగా జరిగి నా ఒళ్లోకొచ్చి, వీపు నావైపు పెట్టి, చొక్కా పైకెత్తింది.

“ఇక్కడ కూడా కుట్టిందమ్మా, రాత్రి. నాకు అందట్లేదు. కాస్త గోకవా?”

గోరు గుచ్చుకోకుండా వేళ్లతో గోకాను. టెంటు సందులోంచి గూడబాతుల్ని చూస్తూ, “ఇంకొంచెం పైకి” అంది.