అత్తగారి నడుము, మా కారు షాకర్లు

పోయిన వారం ఢిల్లీలో ద్వారక మెట్రో దగ్గర టాక్సీ ఎక్కాను. మా సొసైటీ గేటు ముందు స్పీడ్ బ్రేకర్ దాటగానే బండి ఒకసారి లేచి, కూర్చుని, మళ్లీ లేచి, మళ్లీ కూర్చుంది. "షాకర్లు పోయాయి భయ్యా" అన్నాను హిందీలో. డ్రైవరు అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూసి, "ఆప్కో కైసే పతా మేడమ్?" అన్నాడు. ఎలా తెలుసంటే, మా అత్తగారు నేర్పారని చెప్తే నమ్మలేదు.

ఆవిడ తణుకు నుంచి మా దగ్గరికి వచ్చేనాటికి డెబ్భై దాటాయి. అప్పట్లో మాకున్నది మా వారి ఆఫీసులో రిటైరైన ఒకాయన దగ్గర కొన్న పాత కారు. ముందు సీటు ఆవిడదే. నేను వెనకాల పులిహోర డబ్బా పట్టుకుని కూర్చునేదాన్ని. ఆదివారం వస్తే ఆర్.కె. పురంలో గుడికి, అక్కణ్ణుంచి నోయిడాలో ఉన్న చిన్ననాటి స్నేహితురాలింటికి వెళ్లితీరాల్సిందే. కారెక్కగానే కళ్లు మూసుకునేవారు. నిద్రపోతున్నారనుకునేసరికి, "సిమెంటు రోడ్డెక్కాం కదూ, చక్రాలు తుమ్మెదల్లా రొద పెడుతున్నాయి" అనేవారు. ఫ్లైఓవరు మీద అతుకులు టకటకమంటుంటే రైల్లో పోతున్నట్టుందని మురిసిపోయేవారు. ఢిల్లీని కళ్లతో కంటే వెన్నుతోనే ఎక్కువగా చూశారేమో అనిపిస్తుంది నాకు.

అలాంటి మనిషి ఓ ఎండాకాలం నుంచి నడుము పట్టుకోవడం మొదలుపెట్టారు. పైపుల కోసం మా వెనక వీధి తవ్వి సరిగ్గా పూడ్చలేదు. "రోడ్లు అలా తగలడ్డాయమ్మా" అన్నారు మా వారు. కింది ఫ్లోరు డాక్టరు అంకుల్ ఒక బెల్టు ఇచ్చి, "వయసు కదండీ" అన్నారు. ఆ మాట ఆవిడకి బెల్టు కంటే గట్టిగా బిగుసుకుంది. మెత్తలు వేశాం, లేపనాలు రాశాం. చివరికి గుడీ వద్దన్నారు, నోయిడా వద్దన్నారు, బాల్కనీలో కుర్చీకి అతుక్కుపోయారు. స్నేహితురాలు ఫోన్ చేస్తే, "ఇంక నా తిరుగుడు అయిపోయిందే" అన్నారొకసారి. నేనూ వయసే అనుకున్నాను. పైగా ఆదివారం పొద్దున్నే లేచి పులిహోర కలపక్కర్లేదని లోలోపల కాస్త సుఖపడ్డాను కూడా. ఇప్పుడు ఒప్పుకోవడానికేం.

చలికాలంలో ఆ స్నేహితురాలి మునిమనవరాలికి అన్నప్రాసన. వెళ్లకపోతే బాగుండదని బెల్టు బిగించుకుని బయలుదేరారు. దారిలో ఓ ఫ్లైఓవరు దిగాక కొత్తగా తారు వేసిన రోడ్డు, అప్పుడే కడిగి బోర్లించిన పళ్లెంలా నున్నగా ఉంది. అత్తగారు కళ్లు తెరిచారు.

"అబ్బాయ్, ఇక్కడ గుంతేదన్నా ఉందిట్రా?"

"లేదమ్మా, కొత్త రోడ్డు."

"మరి ఇందాకెప్పుడో దాటిన అతుక్కి ఈ కారు ఇంకా ఊగుతుందేం? పడవ మీద కూర్చున్నట్టుంది."

రోజూ తోలుతూ ఆ ఊపు మా వారికి అలవాటైపోయింది.

మర్నాడు ఆయన మెట్రోలో ఆఫీసుకి వెళ్తే, నేను అత్తగారిని ఎక్కించుకుని కారు తీశాను. మార్కెట్టు వెనక కార్లు బాగుచేసే ఒక తెల్లగడ్డం మిస్త్రీ ఉండేవాడు. అత్తగారు చెప్పిందంతా నేను హిందీలోకి మార్చి చెప్పాను. అతను కారు ముందు మూలని రెండు చేతులతో కిందికి అదిమి వదిలాడు. అది ఒకసారి లేచి ఆగాలిట. మాది నాలుగుసార్లు తలూపింది. కిందకి దూరి చూస్తే, కుదుపుని ఆపాల్సిన షాకర్ల గొట్టాలమీద నూనె కారి జిడ్డుకట్టి ఉంది. లేచి చేతులు తుడుచుకుంటూ, "మాతాజీ, ఆప్కీ కమర్ ఠీక్ హై. గాడీకీ కమర్ గయీ" అన్నాడు.

అత్తగారి హిందీ కూరలు బేరమాడేంత వరకే. ఈ ముక్క మాత్రం నేను చెప్పకుండానే అర్థమైంది. నా ఫోన్ లాక్కుని కొడుక్కి చేశారు. "అబ్బాయ్, నా నడుము బాగానే ఉందిట. పోయింది నీ కారు నడుముట." ఆ గొంతులో ఉన్న గర్వం మా వారికి జిల్లా ఫస్టు వచ్చిన రోజున కూడా లేదని ఆయనే తర్వాత వాపోయారు.

నాలుగు షాకర్లూ మార్పించాం. బండి తీసుకుని ఇంటికొస్తుంటే మంచి రోడ్డు వద్దని, తవ్విన వీధిలోంచే పోనిమ్మన్నారు అత్తగారు. గుంతలు తెలియలేదని కాదు, తెలిశాయి. కానీ ఒక్కో గుంత తన మాట ఒక్కసారి చెప్పి ఊరుకుంది. గేటు ముందు స్పీడ్ బ్రేకర్ దాటాం. కారు లేచింది, కుదురుగా కూర్చుంది. "ఇంకోసారి పోనీ అమ్మాయ్" అన్నారు. వెనక్కి తీసి మళ్లీ ఎక్కించాను. నాలుగోసారికి ఇద్దరం కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతున్నాం. గేటు దగ్గర గార్డు ఈల నోట్లో పెట్టుకుని ఊదాలో వద్దో తేల్చుకోలేక నిలబడ్డాడు.

ఆ ఆదివారం పులిహోర నేనే ముందు లేచి కలిపాను. నోయిడా వెళ్లాం. ఆపై ఆదివారం ఢిల్లీ దాటి, పరోటాలకి పేరుపడ్డ ముర్తల్‌దాకా వెళ్లి వెన్న పరోటాలు తిన్నాం. బెల్టు మాత్రం ఆవిడ శుభ్రంగా ఉతికి, మడతపెట్టి డాక్టరు అంకుల్‌కి తిరిగిచ్చారు. "ఉంచుకోండి, మీకూ వయసు కదా" అన్నారట ఆయనతో.

నడుమునొప్పి పూర్తిగా పోలేదు. పొద్దున్నే లేచేటప్పుడు మంచం అంచు పట్టుకునేవారు. అయినా మరో తొమ్మిదేళ్లు మాతో ఊరంతా తిరిగారు. వయసు మాట నమ్మి ఇంట్లో కూర్చోబెట్టిన ఆ ఏడు నెలలు మాత్రం, మేం ఎంత తిరిగినా, తిరిగి రాలేదు.