గంటా పావు ప్రయాణం

ఇస్నాపూర్‌లో మా ఇంట్లో కిరాయికుండే సునీత ఈ రోజు విమానంలో విశాఖపట్నం, తన చెల్లెలి దగ్గరికి పోయింది. సామాను సర్దుతుంటే ఎంతసేపు పడుతుందని అడిగాను.

"గంటా పావే పెద్దమ్మా. సూడు, మామిడికాయ తొక్కు గూడ పెట్టిన."

"విమానంల తొక్కు రానియ్యరంట గద బిడ్డా?"

"చేతిసంచిల రానియ్యరు. పెద్ద బ్యాగుల ఏస్తె ఏమనరు."

పోయిన ఎండాకాలం నా కొడుకు అక్కడే ఆస్పత్రిలో పడ్డాడు. మా తమ్ముడు విమానం టికెట్ తీస్తానన్నాడు. లేవగానే తొక్కన్నం అడుగుతాడని, తొక్కు పచ్చడి డబ్బా కట్టుకున్నాను. దాన్ని విమానంలో రానియ్యరనుకుని నేనే వద్దని రైలెక్కాను. పన్నెండు గంటలు పట్టింది. చేరేసరికి వాడు లేడు.

ఆ డబ్బా మూత ఇప్పటికీ తీయలేదు. మీరైతే ఎవరినైనా ఒక్క మాట అడిగేవాళ్లు కదా? నేనెందుకు అడగలేదు?