ఏ మందు?

మా వైపు ‘మందు తాగిండు’ అనే మాటను నవ్వుతూ చెబితే సీసా అని, ఏడుస్తూ చెబితే పురుగుల మందు అని అర్థం. ఆ మధ్యాహ్నం గద్వాల నుంచి ఫోన్ చేసినామె ఏడుస్తూనే చెప్పింది, తన భర్త మందు తాగాడని, లేవడం లేదని. అంబులెన్సులో రోగులను చూసుకునేది నేనే. పురుగుల మందుకు విరుగుడు ఇంజెక్షన్ దారిలోనే తీసి పెట్టుకున్నాను.

వెళ్లేసరికి ఆయనను మగ్గం పక్కన కూర్చోబెట్టి, ఇరుగుపొరుగు వాళ్లు నోట్లో ఉప్పునీళ్లు పోస్తున్నారు. స్పృహ లేని మనిషికి పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పెట్టిందే తప్ప వినేవాళ్లు లేరు. చెంబు లాక్కుని, ఆయన భార్యను తప్ప అందరినీ బయటికి పంపాను.

కంటిపాపలు సూదిమొనంత ఉన్నాయి. పురుగుల మందు తాగినా అలాగే ఉంటాయి. కానీ నోట్లో నురగ లేదు, చెమట లేదు, వాసన లేదు. ఊపిరి మాత్రం ఆగి ఆగి వస్తోంది. అయినా మగ్గం నేసేవాళ్ల ఇంట్లో పురుగుల మందు ఎక్కడిది? ఏ మందని ఆమెనే అడిగాను.

“నడుం నొప్పి గోలీలు సార్. మింగనీకి రాదని నీళ్లల్ల కలుపుకొని తాగుతడు. ఇయ్యాల శానా కలిపిండు.”

తీసిన ఇంజెక్షన్ మళ్లీ లోపల పెట్టేశాను. నోరు తుడిచి, మాస్కు బిగించి, గాలి సంచి నొక్కుతూ ఊపిరి అందించాను. ఫోన్‌లో డాక్టరు చెప్పాక గోలీల మత్తుకు విరుగుడు ఇచ్చాను. కాసేపటికి ఆయన తనంతట తానే గాలి పీల్చి, కళ్లు తెరిచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ విరుగుడు బలం తగ్గితే మళ్లీ మత్తులోకి జారిపోవచ్చు. అందుకే అంబులెన్సు ఎక్కించాక, దవాఖాన దాకా ఆయనను మాట్లాడిస్తూ ఉండమని ఆమెకు చెప్పాను. ఆమె వంగి, నాకు వినపడకూడదన్నట్టు అడిగింది.

“సావాలని తాగినవా?”

“కాదే. నొప్పి తగ్గితే కూసోని చీర పూర్తి చేద్దామని.”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తర్వాత తిట్లు మొదలుపెట్టింది. దవాఖాన వచ్చేదాకా ఆపలేదు, నేనూ ఆపమనలేదు. ప్రతి తిట్టుకూ ఆయన ‘ఊ’ కొడుతూనే ఉన్నాడు.