ప్లైవుడ్ గోడకు అవతల

నిన్న సాయంత్రం డిగ్రీ చదువుతున్న మా మనవరాలు వచ్చి, ప్రాచీన కావ్యాల్లో ప్రేమ దుఃఖానికి ఎలా దారితీస్తుందో పది మార్కులకు రాయాలట, ఏం రాయమంటావు అమ్మమ్మా అని అడిగింది. ఆ ప్రశ్న వినగానే నాకు ఒళ్లు మండింది. పిల్ల తప్పేమీ లేదు. ఆ జవాబును దిల్‌సుఖ్‌నగర్‌లో ఏళ్ల తరబడి అందరిచేతా రాయించినదాన్ని నేనే.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మా కోచింగ్ సెంటర్‌లో ఒక హాలును ప్లైవుడ్‌తో రెండు గదులు చేసి, ఇటు నాకు తెలుగు, అటు ఒక కుర్ర మాస్టారికి చరిత్ర అప్పగించారు. అతని యుద్ధాలు నా క్లాసులోకీ, నా నాయికల విరహాలు అతని క్లాసులోకీ ధారాళంగా వచ్చిపడేవి. నాయిక చిక్కి సగమైపోవడం, చెలికత్తెలు చందనం పూసి అరటాకుల మీద పడుకోబెట్టడం తన్మయంగా చెప్పి, ఎడబాటులో ఓపిక పట్టినవాళ్లదే అసలైన ప్రేమ అని చివర్లో ఒక సొంత వాక్యం చేర్చి, దాని కింద గీత కూడా గీయించేదాన్ని.

బ్యాంకు పరీక్షల కోసం గుంటూరు నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో మా ఇంట్లో ఉంటున్న మా బాబాయి కూతురు, నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది, ఆ మాస్టారిని ఇష్టపడింది. అతనిది నల్లగొండ వైపు పల్లె, నాగోల్‌లో కిరాయికి ఉండేవాడు, అతనికీ మా చెల్లెలంటే ప్రాణం. మా బాబాయి కూడా, బయట గొడవలు ఎలా ఉన్నా, అబ్బాయి దసరాలోగా వచ్చి అడిగితే కాదనననీ, రాకపోతే గుంటూరు సంబంధం ఖాయం చేస్తాననీ అన్నాడు. ఇంత సులువైన ప్రేమకథ ఏ కావ్యంలోనైనా ఉందా?

ఆ గడువు సంగతి అతనికి చెప్పేలోపే బందులు మొదలై సెంటర్ మూతపడింది. అతను ధర్నాలకు వెళ్తున్నాడని తెలిసింది గానీ కబురు మాత్రం లేదు. ఆంధ్రా పిల్లనని మనసు మార్చుకున్నాడేమోనని మా చెల్లెలు అన్నం మానేసింది. సెల్‌ఫోన్లు లేవా అంటే ఇద్దరి దగ్గరా ఉన్నాయి! ఫోన్ చేయనా అక్కా అని అది అడిగితే, వద్దన్న మహాతల్లిని నేను. గడువు చెప్పి రప్పించుకుంటే అదేం ప్రేమ, నాయకుడే ముందు రావాలి, ఓపిక పట్టు అని బోధించి, నిమ్మరసం కలిపిచ్చి ఫ్యాన్ కింద పడుకోబెట్టాను. బస్సులు లేకపోయినా నాగోల్ గంట నడక. ఆ గంట నడవడానికి నాకు కాళ్లు రాలేదు.

దసరా వెళ్లింది. సెంటర్ మళ్లీ తెరిచేసరికి మా చెల్లెలి పెళ్లి కూడా అయిపోయింది. సంగతి చెప్పి, ఇన్నాళ్లూ ఏమైపోయావయ్యా అని అతన్ని దులిపేశాను.

"మీరే చెప్తిరి గద మేడం, ఎడబాటుల ఓపిక పట్టినోళ్లదే అసలు ప్రేమని. గోడవతలికెల్లి అంత ఇన్న. గొడవలు సల్లబడ్డంక ఒద్దామని సప్పుడుజేయక ఊకున్న" అన్నాడు.

కోపంగా అన్నా బాగుండేది. ఆ తర్వాత నా క్లాసులో ఆ వాక్యం మళ్లీ వినిపించలేదు.

ఇప్పుడు నాగోల్‌కూ మెట్రో ఉంది, ఎల్‌బీ నగర్‌కూ ఉంది. మా హాలు మొబైల్ షాపు అయింది. పది నిమిషాల్లో మెసేజ్‌కు జవాబు రాకపోతే మా మనవరాలు ఫోన్ చేసి కడిగిపారేస్తుంది. చూస్తే ముచ్చటేస్తుంది. దానికి పాత జవాబే చెప్పాను, గీత గీయించే వాక్యం ఒక్కటి తప్ప.

మా చెల్లెలు ఏటా వేసవిలో వస్తుంది. ఆంధ్రా పిల్లనని అతను తనను వదిలేశాడని ఇప్పటికీ నమ్ముతోంది. కాదని చెప్పాలని ప్రతి ఏడూ అనుకుంటాను, సమయం రానీ, కొంచెం ఓపిక పడదాంలే అని ఊరుకుంటాను.