టేపమ్మ వేసిన ఎర్రదీపాలు

ఆమెను వీధిలో అందరూ టేపమ్మ అంటారు. మెడలో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. కూరలు కొనడానికి వెళ్ళినా, బ్యాంకులో వరసలో నిలబడినా ఆ పసుపు టేపు మెడలో వేలాడుతూనే ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. ముందు గదిలో రెండు మిషన్లు, గోడకు ఆనించి బట్ట తానులు, కిటికీ పక్కన గాజుసీసాల్లో రంగురంగుల బొత్తాలు. చెప్పిన రోజు దాటి ఒక్క చొక్కా ఇచ్చింది లేదు. ఈ మాట ఆమె తనంతట తాను ఎవరితోనూ అనదు. ఎవరైనా అంటే మాత్రం కాదనదు.

గొప్పలు చెప్పుకునే పని ఆ ఇంట్లో ఆయనది. ఆయనంటే ఆమె భర్త, కుట్టిన బట్టల్ని పాత వ్యానులో బళ్ళకు చేరవేసే మనిషి. వీధి ఆయనకు పెట్టిన పేరు హారన్. రోడ్డు మీద పురుగు కూడా లేకపోయినా, మలుపు ముందు రెండుసార్లు మోగించందే స్టీరింగు తిప్పడు. ఆ వ్యానుకు ఇరవై రెండేళ్ళు. తలుపు గట్టిగా వేస్తే కిటికీ అద్దం దానంతటదే కిందికి దిగుతుంది. అయినా సరే, ఎవరు కనబడినా ఆయనది ఒకటే పాట.

"ఈ బండి మీద ఇంతవరకు పరాయి చెయ్యి పడలేదు. అన్నీ నేనే."

ఆ "అన్నీ" అన్నది కోతే. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆయన సీట్లో కూర్చుని బ్రేకు తొక్కుతాడు, టేపమ్మ వెనక నిలబడి "రెండూ" అంటుంది. రెండు ఎర్రదీపాలూ వెలిగాయని దాని అర్థం. తర్వాత ఆయన లైట్ల స్విచ్చి వేస్తాడు, ఆమె మళ్ళీ "రెండూ" అంటుంది. ఇరవై రెండేళ్ళ ఆదివారాలు అలా గడిచాయి. బ్రేకు తొక్కిన మనిషికి వెనక దీపం ఎలాగూ కనబడదు. కనబడే చోట నిలబడ్డ మనిషిని కూడా ఆ "అన్నీ"లో కలపాలని ఆయనకు ఏనాడూ తట్టలేదు. ఆమెకు తట్టింది గానీ, పోనీలే అనుకుని ఊరుకుంది.

ఒక ఏడు, బళ్ళు తెరవడానికి మూడు వారాల ముందు, ఆయన స్నానాల గదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మోచేతిదాకా కట్టు కట్టారు. లైసెన్సు ఆమెకు ఎప్పటినుంచో ఉంది, తాళం చెవే చేతికి రాలేదు. ఇప్పుడు తప్పక ఇచ్చాడు. ఆమె నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా ఆమె మోగించేలోపే నోటితో హారన్ కొట్టేవాడు.

బళ్ళు తెరిచే ముందు వచ్చిన ఆదివారం మామూలు ఆదివారం కాదు. మర్నాడు పదింటికి బండికి ఏటా జరిగే తనిఖీ ఉంది. అందులో తప్పితే మళ్ళీ తేదీ దొరికేది రెండు వారాల తర్వాతే, అంతవరకు బండి రోడ్డెక్కకూడదు. ముందు గదిలో చూస్తే మూడువందల ఇరవై జతలు మూటలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. మంగళవారం బడి తెరుస్తారు. బళ్ళు తెరిచే వారంలో అద్దె బండి దొరకడం కల్ల. పెద్ద టీచరమ్మకు టేపమ్మ మాటిచ్చింది, "సోమవారం సాయంత్రానికి మీ వరండాలో ఉంటాయి" అని.

కట్టు ఉన్నది చేతికే కాబట్టి ఆయన యథాప్రకారం సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాడు. వెనకనుంచి మాట రాలేదు.

"ఏమైంది, నిలబడే నిద్రపోయావా?"

"ఒక్కటీ లేదండీ," అంది టేపమ్మ.

ఆయన దిగివచ్చి వెనక నిలబడ్డాడు. ఆమెను తొక్కమన్నాడు. నిజమే, రెండు దీపాలూ చచ్చాయి. ఆదివారం కాబట్టి మెకానిక్ కొట్లన్నీ మూసే ఉంటాయి. తెరిచి ఉన్నా పిలిచేవాడు కాదు, అది వేరే సంగతి. ఆయన తన కట్టు వంక చూసుకున్నాడు.

"నేను వేస్తాను," అంది ఆమె.

"నువ్వా? అది బొత్తం కుట్టడం కాదు."

"కాదనుకోండి," అని లోపలికి వెళ్ళి, కుట్టుమిషను నూనె డబ్బా, స్టార్ స్క్రూడ్రైవరు పట్టుకొచ్చింది.

ఎర్ర మూతకు నాలుగు మరలున్నాయి, నాలుగూ తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఒక్కోదాని మీద ఒక్కో చుక్క నూనె వేసి, అది లోపలికి దిగేదాకా కూర్చుని టీ తాగింది. ఆయనకు ఆ ఓపిక లేదు. చుట్టూ తిరుగుతూ, "ఎడమకి తిప్పు, ఎడమకి" అని చెవిలో జోరీగలా ఒకటే గోల.

"ఇంట్లో మిషన్లు విప్పి బిగించేది ఎవరనుకున్నారు?" అంది ఆమె. దాంతో ఆయన మెట్టు మీద కూర్చున్నాడు.

మరలు కదిలాయి. వచ్చినవాటిని వచ్చిన వరసలోనే గిన్నెలో వేసింది. బల్బును కొద్దిగా లోపలికి నొక్కి తిప్పితే ఊడి చేతిలోకి వచ్చింది. గాజు నల్లబడింది, లోపలి తీగ తెగింది. రెండో పక్కదీ అంతే.

కొత్త బల్బులు ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. వాటి కథ కొంచెం చెప్పాలి. ఆయన వాటిని రెండు అట్టపెట్టెల్లో దాచేవాడు. ఒకదాని మీద "వెనకవి" అని, ఇంకోదాని మీద "ఇండికేటర్లవి" అని రాసి ఉండేది. మొన్న ఇల్లు సర్దినప్పుడు అట్టకు పురుగు పట్టిందని టేపమ్మ ఆ పెట్టెలు పారేసి, బల్బులన్నీ ఒకే డబ్బాలో పోసింది. అన్నీ ఒకే ఎత్తు, ఒకే లావు. బొత్తాలను ఏరే కళ్ళతో చూసి, అన్నీ ఒకటే రకమని తేల్చేసింది.

ఇప్పుడు అందులోంచి ఒకటి తీసి పెట్టింది. అది మొరాయించింది. నాలుగు మడతల మందపు గుడ్డలోకి సూది దించినట్టు బొటనవేలితో నొక్కి తిప్పితే ఎలాగో దిగింది. రెండోదీ అలాగే దించింది. ఆయన సీటెక్కి తొక్కాడు.

"రెండూ," అంది ఆమె సంబరంగా.

"ఆగాగు," అన్నాడు ఆయన. "నేను లైట్ల స్విచ్చి వేయలేదు. బ్రేకు తొక్కితే మీటర్లలో దీపం వెలుగుతోందేమిటి?"

ఆమె ముందుకు వెళ్ళి చూసింది. ముందువైపు చిన్న దీపాలూ వెలుగుతున్నాయి. బ్రేకు వదిలితే ఆరిపోతున్నాయి. సరే కదా అని స్విచ్చి వేస్తే, వెనకవి బ్రేకు తొక్కినంత ఎర్రగా వెలిగి కూర్చున్నాయి. ఇక తొక్కినా తొక్కకపోయినా తేడా లేదు. వెనక వచ్చేవాడికి ఈ బండి ఆగుతోందని తెలిసే దారే లేదు.

"లోపల వైర్లు కలిసిపోయాయి," అన్నాడాయన నీరుగారిపోయి. "ఇంతే ఇక. రేపు వెళ్ళి పరువు తీసుకోవడం ఎందుకు?"

టేపమ్మకు కోపం వచ్చింది. కోపం వస్తే ఆమె అరవదు, మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంటుంది.

"ఇన్నాళ్ళూ బాగున్న వైర్లకు ఇవాళే తెగులు వచ్చిందా? నేను వైరు ముట్టుకోలేదు. ముట్టుకున్నది బల్బునే."

కొత్తదీ పాతదీ రెండు బల్బులూ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు వాడే భూతద్దం తీసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆయన్ను పిలిచింది.

"ఇటు చూడండి. పాత బల్బు పక్కల రెండు బుడిపెలున్నాయా? ఒకటి పైకి ఉంది, ఒకటి కిందికి ఉంది. కొత్తదానికి రెండూ సమానంగా ఉన్నాయి. బొత్తాలు ఎగుడుదిగుడుగా కుడితే చొక్కా పాడు. ఈ పాతదానికి మాత్రం కావాలనే అలా కుట్టారు, ఒకే వైపు పట్టాలని. లోపల చూడండి, దీంట్లో తీగలు రెండు. ఒకటి మామూలుగా వెలగడానికి, ఇంకోటి బ్రేకుకి. నేను పెట్టిన దాంట్లో ఉన్నది ఒకటే తీగ, అడుగున బొట్టూ ఒకటే. బ్రేకు దారినీ లైట్ల దారినీ అదే కలిపేసింది."

ఆయన ఎడం చేత్తో భూతద్దం పట్టుకుని నోరు వెళ్ళబెట్టాడు.

"ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు చివరికి. "వెనకవి అని రాసిన పెట్టెలోంచి తీసి పెట్టేవాణ్ణి, అంతే."

"ఆ పెట్టెలు పారేసింది నేనే," అంది ఆమె. తన తప్పు తను ఒప్పుకోవడానికి టేపమ్మ ఎప్పుడూ వెనకాడదు.

డబ్బా బల్ల మీద గుమ్మరించి బుడిపెలు చూసి ఏరింది. తొమ్మిదింట్లో ఎగుడుదిగుడువి మూడు తేలాయి. బల్బు కూర్చునే గూటిలో తుప్పు ఉంటే గరుకు కాగితంతో రుద్దింది. ఎర్ర మూతలు సబ్బుతో కడిగి తుడిచింది. ఈసారి బల్బులు నొక్కుడే అక్కర్లేకుండా టిక్కుమని కూర్చున్నాయి.

ఆయన తొక్కాడు. మీటర్లు చీకటిగానే ఉన్నాయి.

"రెండూ," అంది ఆమె. స్విచ్చి వేశాడు. "రెండూ." స్విచ్చి వేసే ఉంచి మళ్ళీ తొక్కాడు. దీపాలు చక్కగా ఇంకాస్త ఎర్రబడ్డాయి. ఆ మాట ఆమె కొన్ని వేలసార్లు అని ఉంటుంది. తన చేతిపనిని చూసి అనడం మాత్రం అదే మొదలు. ఆమెకు గర్వంగా అనిపించింది, దాచుకోవాలనీ అనిపించలేదు.

సోమవారం తనిఖీ చేసే అధికారి బండి చుట్టూ తిరిగి, బ్రేకు తొక్కించి, కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ వెనకే ఆగాడు.

"ఇంత పాత బండికి వెనక దీపాలు కొత్తవాటిలా ఉన్నాయే. ఎవరు చేశారు?"

స్టీరింగు దగ్గర కూర్చున్న టేపమ్మ ముందుకే చూస్తూ ఉండిపోయింది. ఈ ప్రశ్నకు ఆయన ఏటా ఇచ్చే జవాబు ఆమెకు కంఠతా వచ్చు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఈవిడ," అన్నాడు. "మా ఆవిడండీ. బల్బుకీ బల్బుకీ తేడా నాకే తెలీదు. భూతద్దం పెట్టి కనిపెట్టింది."

అంతటితో ఆగితే ఆయన హారన్ ఎందుకవుతాడు? గేటు దగ్గర కాపలాదారుకు చెప్పాడు. టీ కొట్టు అతనికి చెప్పాడు. సాయంత్రం మూటలు వరండాలో దించుతుంటే పెద్ద టీచరమ్మకు బుడిపెలతో సహా చెప్పాడు. "ఇక చాలు ఊరుకోండి" అని టేపమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, నిజంగా ఊరుకుంటే నొచ్చుకునేదే.

నెల తిరిగేసరికి ఆయన కట్టు విప్పేశారు. ఆ ఆదివారం పొద్దున తాళం చెవి తీసుకుని ఆయన బయటికి నడిచాడు. ఇక మళ్ళీ మామూలే అనుకుని టేపమ్మ బండి వెనక్కి వెళ్ళి నిలబడింది. ఆయన కూడా వెనక్కే వచ్చాడు. తాళం చెవి ఆమె చేతిలో పెట్టి, ఆమెను పక్కకు జరిపి, ఆ చోట తను నిలబడ్డాడు.

"వెళ్ళి తొక్కు," అన్నాడు. "నేను చెప్తాను."